తీగ ఒకచోట, రాత ఒకచోట

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 2003లో ఆగ్నేయ రైల్వే నుంచి విడివడి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. అక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి ఊళ్లో ఒక సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. సిగ్నల్ తీగ మారితే డ్రాయింగు మారాలి. మారిన డ్రాయింగును ఇంకొకరు సరిచూడాలి. పరీక్షించాకే బండి వదలాలి. మన ఆండ్రాయిడ్ ఫోన్లను, చాలా వైఫై రౌటర్లను నడిపే లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం)లో హార్డ్‌వేర్ వివరణకు చేసే మార్పులను కూడా అంత పట్టుదలతోనే సరిచూడాలని నా వాదన.

యూఎస్‌బీ పరికరం పెట్టగానే తానేమిటో తానే చెప్పుకుంటుంది. చిన్న బోర్డు మీద అతికిన చిప్పుల్లో చాలావాటికి ఆ నోరు లేదు. ఏ చిప్పు ఏ చిరునామాలో ఉంది, దాని తీగ ఎక్కడికి పోయింది అన్నది డివైస్ ట్రీలో రాసి కెర్నల్‌కు అందిస్తారు. 1994 నాటి ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్రమాణం నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఫోన్లలో వాడే ఆర్మ్ చిప్పులకు మాత్రం చాలాకాలం ఈ వివరణ బోర్డుకో ఫైలు చొప్పున కెర్నల్‌లోనే పోగుపడింది. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాని మీద మండిపడ్డాక డివైస్ ట్రీ వైపు మళ్లడం ఊపందుకుంది.

ఇందులో ఒక్క మాట ఎంత పని చేస్తుందో రీసెట్ పిన్ను చెబుతుంది. కొన్ని చిప్పులు ఆ తీగలో వోల్టేజీ తగ్గితే రీసెట్ అవుతాయి, కొన్ని పెరిగితే. ఏది అన్నది యాక్టివ్ లో, యాక్టివ్ హై అని రాస్తారు. తారుమారైతే, చిప్పును నడిపే ప్రోగ్రాం అయిన డ్రైవర్ దాన్ని లేపబోయి పడుకోబెడుతుంది. రాత వ్యాకరణం సరిగానే ఉంటుంది కాబట్టి కంపైలర్ ఊరుకుంటుంది. డ్రైవర్‌లో ఇంకోసారి తిప్పేస్తే పని జరిగిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ అదే వివరణను కెర్నల్‌ను లేపే బూట్‌లోడరో, వేరే ఆపరేటింగ్ సిస్టమో చదివితే దానికి ఆ దొంగ సర్దుబాటు తెలియదు. అందుకే రివ్యూ చేసేవారు డ్రైవర్ సౌకర్యం కాకుండా బోర్డు మీద ఉన్నదే రాయమంటారు.

ఇప్పుడు యామల్ ఫార్మాట్‌లో రాసిన నియమాల (స్కీమాల)తో యంత్రమే తనిఖీ చేస్తోంది, మనుషులు ప్యాచ్‌లను (పంపిన మార్పులను) ఆపడమెందుకని కొందరు అడుగుతారు. యంత్రం రాతలోని పొందిక చూస్తుంది. తీగ నిజంగా ఎటు పోయిందో సర్క్యూట్ డయాగ్రాం పక్కన పెట్టుకున్న మనిషే చూడాలి. తప్పుంటే రేపు దిద్దుకోవచ్చన్నది రెండో మాట. కెర్నల్‌ను అప్‌డేట్ చేసినా, పాత వివరణ చాలా పరికరాల ఫర్మ్‌వేర్‌లో అలాగే ఉండిపోతుంది. కొత్త కెర్నల్ దానితోనూ నడవాలన్న నియమం అందుకే వచ్చింది. ఈ రోజు రాసిన తప్పును ఏళ్లపాటు మోయాలి. కొత్తగా ప్యాచ్ పంపినవారికి ఇలా పట్టుబట్టడం విసుగు తెప్పిస్తుందన్నది నిజమే. కారణం ఓపిగ్గా చెప్పడం రివ్యూ చేసేవారి బాధ్యత, అంతేగాని పట్టు సడలించకూడదు.

తప్పు రాత ఎంత దూరం పోగలదో రైల్వేకు తెలుసు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ సిగ్నల్ ఇచ్చారు, పాయింట్లు మాత్రం లూప్ లైన్‌కు ఉన్నాయి. ఆ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్‌లో లోగడ చేసిన మార్పుల్లోనూ, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు పనిలోనూ లోపాలున్నాయని, తీగల గుర్తులు తప్పుగా ఉన్న సంగతి ఏళ్ల తరబడి బయటపడలేదని విచారణ తేల్చింది. అది డివైస్ ట్రీ తప్పు కాదు. రౌటర్ ఆగిపోవడాన్ని ఆ విషాదంతో పోల్చలేం. కానీ తప్పు పుట్టే తీరు ఒక్కటే: తీగ ఒకటి చెబుతుంది, దాని మీద రాత ఇంకొకటి చెబుతుంది, పని నడుస్తున్నంత కాలం ఎవరూ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడరు. అలా పెట్టి చూసే మనిషి చేసేదే రివ్యూ.