లివరు పడితే చాలదు, హబ్బు కూడా పట్టాలి

కొల్లేటి లంకల్లో పాత ఫోర్ వీల్ జీపంటే షోకు కాదండి. మేత బస్తాలు చెరువు గట్టు మీదకి చేరేది దాని మీదే. వానాకాలంలో పురిటి నొప్పులొచ్చిన ఆడకూతురు కైకలూరో ఏలూరో ఆసుపత్రికి చేరేదీ దాని మీదే. మహీంద్రా ఎంఎం 540లు, కమాండర్లు, మారుతి జిప్సీలు ఇంకా మన పుంతల్లో తిరుగుతూనే ఉన్నాయి. వీటిల్లో చాలా బళ్ళకి ఫోర్ వీల్ లివరు వేస్తే పడుద్ది. బురదలో దిగాక చూస్తే ముందు చక్రాలు మాత్రం కదలవు. అప్పుడు మాట పడేది ఎవరు? డ్రైవరు. "నీకు తోలడం రాదు" అంటాడు బండి ఓనరు. తప్పు డ్రైవరుది కాదు, ముందు చక్రం మధ్యలో ఉండే హబ్ లాకుది. అందుకే ఈ సంగతి మన కుర్రోళ్ళందరికీ తెలియాలని రాస్తున్నాను.

అసలు ఇదేం చేస్తది?

ముందు చక్రం బేరింగుల మీద తనంతట తాను తిరుగుద్ది. దాని మధ్యలోంచి యాక్సిల్ షాఫ్టు వస్తది. ఈ రెండిటినీ కలిపేదీ విడదీసేదీ హబ్ లాకు. డయల్ ఫ్రీలో ఉంటే చక్రం ఒక్కటే తిరుగుద్ది, లోపలి షాఫ్టు, క్రౌను, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు నిద్రపోతాయి. లాకులో పెడితే షాఫ్టూ చక్రమూ ఒకటవుతాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకి ఇది లేదు. చక్రానికీ షాఫ్టుకీ మధ్య గట్టి ఫ్లాంజి బిగించి ఉండేది. యుద్ధం అయిపోయాక ఆ జీపుల్ని జనం తారు రోడ్ల మీద తోలడం మొదలెట్టారు. ఉత్తపుణ్యానికి ముందు సామానంతా తిరిగి అరుగుతుంటే, 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ అనే ఆయన హబ్ లాకులు తయారు చేసే కంపెనీ పెట్టాడు. ఆ విల్లీస్ జీపునే మహీంద్రా వాళ్ళు మన దేశంలో బిగించి అమ్మారు. మన ఎంఎం బళ్ళు దాని సంతానమే.

ఒక పొరపాటు మాట ఇక్కడే తుడిచెయ్యాలి. హబ్ లాకు అంటే డిఫరెన్షియల్ లాకు కాదు. హబ్బులు రెండూ లాకైనా, ముందొక చక్రం వెనకొక చక్రం జారితే బండి ఆగిపోవచ్చు. అది హబ్బు లోపం కాదు.

ఏది కొనాలి?

మూడు దారులున్నాయి. ఒకటి, పాతకాలపు గట్టి ఫ్లాంజి. ఖర్చు తక్కువ, చెడిపోయే సరుకు లోపల ఏమీ లేదు. కాకపోతే ముందు సామాను ఎప్పుడూ తిరుగుతానే ఉంటది, కాస్త డీజిలూ అరుగుదలా ఎక్కువ. రెండు, చేత్తో తిప్పే డయల్ హబ్బు. మూడు, వ్యాక్యూమ్ తోనో దానంతట అదో పట్టే ఆటోమేటిక్ హబ్బు. బండి పాతబడేకొద్దీ రబ్బరు గొట్టాలు పగులుతాయి, గాలి లీకవుద్ది, అవసరానికి హబ్బు పట్టదు. నన్నడిగితే కొల్లేరు బురదకి డయల్ హబ్బు మేలు. రోజంతా గట్ల మీదే తిరిగే బండికి ఫ్లాంజి అయినా తప్పు లేదు.

కొనడానికి ముందు పాత ముక్క విప్పి చూడండి. బండి పేరు చెప్పి కొంటే కుదరదు. ఈ నలభై ఏళ్ళలో ఎవరెవరో యాక్సిళ్ళు మార్చేసి ఉంటారు. షాఫ్టు చివర పళ్ళు లెక్కపెట్టండి. పాత జీపు రకాలకి లావుపాటి 10 పళ్ళుంటాయి, జిప్సీ జాతికి సన్నటివి 26. మీ షాఫ్టుకి ఎన్నుంటే అన్నే కావాలి. తర్వాత బోల్టులు ఐదా, ఆరా చూడండి. బోల్టుల మధ్య దూరం, మర, షాఫ్టు ఎంత బయటకొచ్చింది, చివర సర్‌క్లిప్ గాడి ఉందా, అన్నీ కొలవాలి. పాత ముక్క సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్తే ఈ బాధ సగం తగ్గుద్ది. రెండు పక్కలా ఒకే రకం జత కొనండి. డయల్ ప్లాస్టిక్‌దైతే రాయి తగిలితే పగులుద్ది, లోహానిది తీసుకోండి. డయల్ కింద రబ్బరు రింగు ఉందా లేదా చూడండి, నీటిని ఆపేది అదే. పెద్ద కంపెనీ పేరు చెక్కినంత మాత్రాన మంచి ఇనుము అయిపోదు. కొట్టులోనే పది సార్లు తిప్పి చూసి, టక్కుమని పడితేనే డబ్బులివ్వండి.

బిగించేటప్పుడు

గట్టి నేల మీద పెట్టండి, చెరువు గట్టు మీద జాకీ వెయ్యొద్దు. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ముందు భాగం స్టాండ్ల మీద నిలపండి. సర్‌క్లిప్ తీసి, బోల్టులు విప్పి పాత హబ్బు లాగండి.

ఇప్పుడు గ్రీజు రంగు చూడండి. మజ్జిగలా తెల్లబారితే నీళ్ళు దిగాయన్నమాట. అలా ఉంటే కొత్త హబ్బు పైపైన తగిలించి పంపే మెకానిక్కుని ఆపండి. బేరింగులు తీసి కడిగి, కొత్త గ్రీజు కూరి, వెనక సీలు మార్చాలి. పాత జీపుల్లో బేరింగుకి రెండు నట్లు, మధ్యలో లాకు వాషరు ఉంటాయి. చక్రం తిప్పుతా లోపలి నట్టు బిగించి, చక్రం పట్టేశాక సుమారు ఆరో వంతు చుట్టు వెనక్కి వదలాలి. మీ బండి పుస్తకంలో వేరే లెక్కుంటే దాన్నే పాటించండి. తర్వాత వాషరు, బయటి నట్టు.

హబ్బు లోపల మాత్రం గ్రీజు కూరొద్దు. పల్చటి పూత చాలు. ముద్దగా కూరితే లోపల జరగాల్సిన రింగు జరగదు, డయల్ లాకు చూపిస్తది గానీ పళ్ళు కలవవు. కొత్త గాస్కెట్ వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటా రండి. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగింపు చూడండి.

షెడ్డులోంచి కదిలేముందు పరీక్ష చెయ్యండి. చక్రం గాల్లో ఉండగా ఫ్రీలో పెట్టి తిప్పితే షాఫ్టు కదలకూడదు. లాకులో పెట్టి తిప్పితే కదలాలి. రెండు పక్కలా చూశాకే మెకానిక్కు కూలీ ఇవ్వండి.

వాడకంలో

బురద దిగాక మోకాలి లోతులో డయల్ వెతుక్కోవడం నరకం. దిగకముందే లాకు చెయ్యండి. వానాకాలమంతా హబ్బులు లాకులో ఉంచి, లివరు టూ వీల్‌లో పెట్టి తారు రోడ్డు మీద వెళ్ళినా నష్టం లేదు. లివరు ఫోర్ వీల్‌లో పెట్టి తారు రోడ్డు మీద తోలడమే తప్పు. హబ్బులు ఫ్రీలో ఉండగా లో గేరు వేసి లాగొద్దు, ఆ బరువంతా వెనక యాక్సిల్ మీద పడుద్ది. ఎండాకాలంలో కూడా నెలకోసారి కొంతదూరం లాకులో తిప్పండి, లోపల నూనె అందుద్ది. వేడెక్కిన హబ్బుని చన్నీళ్ళలో దించితే నీళ్ళు లోపలికి పీల్చుకుంటది. కాసేపు ఆగి దిగండి. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు తగిలితే ఇంటికొచ్చి మంచినీళ్ళతో కడగండి.

ఇంకో మాట. పారే నీళ్ళలో ఏ హబ్బూ కాపాడదు. రోడ్డు మీద నీళ్ళు అడ్డంగా లాగుతుంటే బండి ఆపెయ్యండి, ఎవరు తొందరపెట్టినా సరే.

అసలు మనకీ లాకుల గోల ఎందుకొచ్చింది? బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేట్లో చేరతాయి, సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. ఆ దారికీ సరస్సుకీ చెరువుల గట్లు అడ్డంపడ్డాయి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2006లో గట్లు కొట్టారు, అయినా నీటి దారి తేలలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్ళు ఆఖరికి మన లంకల మీదకే వచ్చాయి. మునిగిన రోడ్డు మీద సొంత జీపుతో జనాన్ని దాటించేవాడికి డీజిలు ఖర్చయినా ఇచ్చేదెవరు? ఉప్పుటేరు బాగుచెయ్యమని అడుగుదాం, లంక రోడ్లు ఎత్తు చెయ్యమని అడుగుదాం. ఆ అడగడం ఆపకుండానే, తొలకరికి ముందు మే నెలలో ఒక పూట బండి స్టాండ్ల మీద పెట్టి ఆ రెండు చక్రాలూ తిప్పి చూసుకోండి. రాత్రిపూట ఎవరింటి నుంచి కబురొచ్చినా బండి కదలాలి కదా.