అన్నము ఒంటబట్టుట: సుబ్బారావుగారి పరిశోధనము

‘తిన్న తిండి యొంటబట్టలేదు’ అను మాట మన యిండ్లలో దినదినమును వినబడునదే. బిడ్డ చిక్కిపోయినను, చూలాలు పాలిపోయినను మన మీ మాటనే యందుము. అయితే అన్న మొంటబట్టుట యనగా నేమి? పొట్టలోని మెతుకు చేతిలోని బలముగా నెట్లు మారుచున్నది? ఈ మార్పునకే శాస్త్రజ్ఞులు జీవక్రియ యని పేరిడిరి. అందలి మూలరహస్యమును గనుగొన్నవారిలో ముఖ్యులు మన తెలుగువారగు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. మధుమేహము పల్లెపట్టులకును వ్యాపించిన యీ దినములలో వారి కృషిని సోదరీమణు లెరుగుట యావశ్యకము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మన భద్రాచలము మీదుగ బారు గోదావరికి దిగువనున్న రాజమహేంద్రవరమున గొంతకాలము చదివిరి. తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించిరని చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థులైరి. సోదరు లిద్దరు స్ప్రూ యను గ్రహణివ్యాధిచే మరణించిరి. అదియు నన్న మొంటబట్టనీయని వ్యాధియే. మదరాసున వైద్యవిద్య ముగించి, 1922లో భార్య శేషగిరిగారిని స్వదేశముననే విడిచి, యమెరికాలోని బోస్టను నగరమున కేగిరి. మరల స్వదేశమును జూడనేలేదు. ఆ యిల్లాలి నిరీక్షణము ఫలింపలేదు. లోకము పొందిన మేలులో నామె త్యాగమును గలదని మనము మరువరాదు.

హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే యను నాచార్యునితో గలిసి, భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో బ్రకటించిరి. ఆ కొలతయే వారికి దారి చూపినది. 1927లో కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఎ.టి.పి. అను పదార్థమును గనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ గారును స్వతంత్రముగ ఎ.టి.పి.ని గనుగొనిరి.

వేసవిలో మన మన్యపు సరిహద్దులందు తునికాకు మోపును తలకెత్తుకొను స్త్రీని జూడుడు. ఆమె కండరము తత్క్షణము వ్యయపరచునది ఉదయము త్రాగిన జావ కాదు, ఎ.టి.పి. అది కొన్ని క్షణములకే సరిపడును. తరిగినదానిని వెంటనే పూరించునది ఫాస్ఫోక్రియాటిన్. అటుపై నడకకు, జావనుండి పుట్టిన చక్కెరయు దేహమందలి క్రొవ్వును మెల్లగ దహింపబడి, క్రొత్త ఎ.టి.పి.ని సమకూర్చును. అన్నము గాదెలోని ధాన్యము వంటిది, ఎ.టి.పి. చేతిలోని చిల్లరడబ్బు వంటిది.

మధుమేహమున గాదె నిండియు నక్కఱకు రాకుండును. ఇన్సులిన్ చాలకగాని, ఉన్నది చక్కగ పనిచేయకగాని, చక్కెర రక్తముననే నిలిచిపోవును. సుబ్బారావుగారు ఈ వ్యాధికి మందు గనిపెట్టలేదు. కాని వారు చూపిన ఎ.టి.పి.యే క్లోమమునకు వార్త గొనిపోవునదని తరువాత దేలినది. చక్కెర క్లోమకణములందు దహింపబడగా ఎ.టి.పి. పెరుగును, దానిచే కణపుగోడలోని పొటాసియపు ద్వారము మూతబడును, అంతట కాల్షియము లోనికి వచ్చి, ఇన్సులిన్ వెలువడును. చక్కెర వలన నీ ద్వారము మూతబడునని 1984లో నిరూపించినవారిలో ఆక్స్‌ఫర్డు విదుషీమణి ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్ గారు ముఖ్యులు.

పుట్టిన కొలదినెలలలోనే మధుమేహము సోకిన శిశువులలో గొందరికి ఈ ద్వారము జన్యుదోషముచే సరిగ మూతబడదని 2004లో వెల్లడియైనది. అట్టివారిలో బెక్కుమందికి ఇన్సులిన్ సూదిమందునకు బదులు సల్ఫోనిల్ యూరియా మాత్రలతోనే చికిత్స చేయవచ్చునని 2006లో బ్రకటింపబడినది. కావున తల్లులారా! ఆరునెలల లోపు శిశువు అతిగ మూత్రము విడుచుచు, పాలు త్రాగియు చిక్కిపోవుచుండిన యెడల, దిష్టి యనుకొని కాలహరణము చేయకుడు. వెంటనే రక్తమున చక్కెరను పరీక్షింపజేయుడు. మధుమేహమని తేలినచో జన్యుపరీక్షను గూర్చి వైద్యు నడుగుడు. వైద్యుడు చెప్పనిదే సూదిమందును మాత్రము మానకుడు.

సుబ్బారావుగారు 1940లో లెడర్లీ పరిశోధనశాలకు మారిరి. వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ దయారైనది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందైనది. నేడు చూలాండ్ర కిచ్చు మాత్రలలో నినుముతో గూడియున్నదియు నదియే. వారు 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, బరదేశముననే కన్నుమూసిరి. 1995లో భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ళను వెలువరించినది.

పనిచేయు కండరము ఇన్సులిన్ సాయము లేకయే కొంత చక్కెరను లోనికి దీసికొనును. రోలు, తిరుగలి, నూతిచేద మన యిండ్లనుండి తొలగినవి. వానితో మన కండరములకు బనియు దగ్గినది. ఆ లోపమును నిత్యము నడచియైనను దీర్చుకొనవలయును. అన్నము పెట్టుట మన ధర్మమని యెంచుదుము. అది ఇంటిల్లిపాదికిని, అందు మనకును, ఒంటబట్టునట్లు చూచుటయు మన ధర్మమే.