మన ఊరి టీవీ టవరు ఏమైంది?

ఒకప్పుడు ఊరికి టీవీ టవరు వచ్చిందంటే పండగే. రామాయణం చూసినా, క్రికెట్ చూసినా దాని చలవే. ఆ టవర్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి. ఎప్పుడు ఆగిపోయాయో ఆ ఊళ్లో వాళ్లకే తెలీదు!

'ఒరేయ్, ఇంకొంచెం ఎడమకి తిప్పరా...'

'ఇప్పుడొచ్చిందా నాన్నా?'

'బొమ్మ వచ్చింది, మాట పోయింది. ఆగాగు... ఆ, అక్కడే! కదపకు!'

మేడ మీద ఒకరు, కిటికీ దగ్గర ఒకరు, టీవీ ముందు మరొకరు. 1980ల చివర్లో ఆదివారం పొద్దున ఏ ఊళ్లో చూసినా ఇదే వరస. ఇనప పైపుకు బిగించిన చేపముల్లు లాంటి యాంటెనా, దాని మీద వాలే కాకి, కాస్త గాలి వీస్తే మళ్లీ మొదటికొచ్చే వ్యవహారం. చిత్రమేంటంటే ఊళ్లో యాంటెనాలన్నీ ఒకే దిక్కుకు చూస్తుండేవి. ఆ దిక్కున ఊరి చివర ఎరుపూ తెలుపూ పట్టీలతో ఒక టవరు. పక్కనే బోర్లించిన గొడుగు లాంటి పెద్ద డిష్, చిన్న భవనం, కరెంటు పోతే ఆదుకోవడానికో జనరేటరు. జనం భాషలో అది 'టీవీ స్టేషను'. ఇంజినీర్ల భాషలో ఎల్‌పీటీ... అంటే లో పవర్ ట్రాన్స్‌మిటర్.

పేరుకు తగ్గట్టే దాని బలం తక్కువ. మామూలు ఎల్‌పీటీ సామర్థ్యం 100 వాట్లు. పాతకాలం గుండు బల్బు లేదూ, లెక్కకు అంతే! ఆ కాస్త శక్తితోనే చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల దాకా బొమ్మను పంపేది. కొండల నడుమ ఊళ్లకైతే 10 వాట్ల బుల్లి ట్రాన్స్‌మిటర్లు కూడా ఉండేవి. పెద్ద నగరాల్లోని 10 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ల ముందు ఇవి ఏనుగు ముందు ఎలుకలే. కానీ మన చిన్న పట్టణాలకు టీవీని మోసుకొచ్చింది ఆ ఎలుకలే.

రోజుకో టవరు

మనదేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఊరూరికీ రావడానికి పాతికేళ్లు పట్టింది. మధ్యలో ఒక ముచ్చటైన ఘట్టం ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందించారు. 'సైట్' అని దాని పేరు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇనప జాలీతో చేసిన పెద్ద గొడుగు, దాని కింద ఊరందరికీ ఒకటే టీవీ, అందులో తెలుగు కార్యక్రమాలు! ఏడాది కాగానే అరువు తీరిపోయింది. తెర మళ్లీ ఖాళీ.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. అయితే అది నగరానికీ, చుట్టుపక్కలకే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో దేశానికి రంగుల టీవీ పరిచయమైంది. మరుసటి ఏడాది ఆగస్టులో ఇన్సాట్-1బి ఆకాశంలోకి వెళ్లింది. అప్పుడు అసలు కథ మొదలైంది. ఢిల్లీ నుంచి ఉపగ్రహానికి, ఉపగ్రహం నుంచి ఊరి చివర డిష్‌కి, అక్కడి నుంచి టవరు మీదుగా మన యాంటెనాకి... ఇదీ దారి. ఊరూరికీ తీగలు లాగక్కర్లేదు, స్టూడియోలు కట్టక్కర్లేదు. 1984లో కొన్ని నెలల పాటు దేశంలో సగటున రోజుకో ట్రాన్స్‌మిటర్ ప్రారంభమైంది. అది ఎన్నికల ఏడాది కాబట్టే ఇంత హడావుడి అని విసుక్కున్నవాళ్లూ లేకపోలేదు. ఏదైతేనేం, టవరు వచ్చింది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ, డయనోరా, సాలిడేర్... ఎవరి తాహతు కొద్దీ వాళ్లు కొనుక్కున్నారు. కొనలేనివాళ్లు పక్కింటి గుమ్మంలో కూర్చున్నారు.

ఒక్కటే చిక్కు. మొదట్లో చాలా ఎల్‌పీటీలకు ఢిల్లీ కార్యక్రమాలే గతి. హైదరాబాద్‌లో తీసే తెలుగు కార్యక్రమాలు జిల్లాల్లోని టవర్లకు అందడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. 1987 జనవరిలో రామాయణం మొదలైనప్పుడు హిందీ ముక్క రాని మన బామ్మలు కూడా టీవీకి దండం పెట్టి మరీ చూశారు. కథ తెలుసు కాబట్టి సరిపోయింది. హిందీ వార్తలకు ఆ వెసులుబాటు ఎక్కడిది!

సొంత గొంతు లేని టవరు

అసలు లోటు కూడా అక్కడే ఉంది. మన ఎల్‌పీటీకి చెవులున్నాయి, గొంతు లేదు. పైనుంచి వచ్చింది పట్టుకోవడం, కిందికి వదలడం... అంతే దాని పని. లోపల స్టూడియో లేదు, కెమెరా లేదు. షిఫ్టుల వారీగా ఇంజినీర్లు, టెక్నీషియన్లు కాపలా కాస్తూ సిగ్నల్ చూసుకునేవారు. పైనుంచి సిగ్నల్ తెగితే తెర మీద 'అంతరాయానికి చింతిస్తున్నాం'. ఎదురుగా చెరువు గట్టు తెగినా ఆ టవరు చెప్పలేదు. ఆ మాట హైదరాబాద్ వెళ్లి, అక్కడ వార్తల్లో చోటు దొరికితే, తిరిగి అదే టవరు మీదుగా ఊళ్లోకి రావాలి!

చిన్న టవరంటే ఇంతే కాబోలు అనుకోనక్కర్లేదు. అమెరికాలో 1982లోనే తక్కువ శక్తి టీవీ స్టేషన్లకు ప్రత్యేకంగా అనుమతులివ్వడం మొదలుపెట్టారు. అవి రిలే కేంద్రాలే కానక్కర్లేదు, సొంత కార్యక్రమాలూ వేసుకోవచ్చు. చిన్న పట్టణాలు, కాలేజీలు, చర్చిలు, స్పానిష్ లాంటి భాషలు మాట్లాడేవాళ్లు వాటిని నడుపుకొన్నారు. హైస్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్ నుంచి టౌన్ కౌన్సిల్ సమావేశం దాకా చూపించుకున్నారు.

మన దగ్గర ఆ ముచ్చట తీర్చింది దూరదర్శన్ కాదు, కేబుల్ కుర్రాడు. 1990ల్లో కేబుల్ వచ్చాక ప్రతి పట్టణంలోనూ ఒక 'లోకల్ చానల్' పుట్టింది. మున్సిపాలిటీ నీళ్లు ఏ వార్డుకు ఎన్నింటికి వస్తాయి, బట్టల కొట్టులో ఆషాఢం తగ్గింపు, పాపకు పుట్టినరోజు శుభాకాంక్షలు, వినాయక నిమజ్జనం... నాణ్యత మాట పక్కన పెట్టండి. మన వీధి టీవీలో కనిపించింది! ప్రభుత్వం కోట్లు పోసి కట్టిన టవరు చేయని పని అది.

కేబుల్ తీగ వచ్చాక మేడ మీద యాంటెనాకు పనిలేకుండా పోయింది. 1995 కేబుల్ చట్టం ప్రకారం కేబుల్ వాళ్లు దూరదర్శన్ చానళ్లను తప్పనిసరిగా ఇవ్వాలి. కాబట్టి దూరదర్శన్ చూసేవాళ్లు కూడా కేబుల్లోనే చూశారు. బట్టలారేసే తీగకు ఒక కొస కట్టడానికి తప్ప యాంటెనా పైపు దేనికీ అక్కరకు రాలేదు. 2004 డిసెంబరులో దూరదర్శనే 'డీడీ డైరెక్ట్ ప్లస్' పేరుతో నెల చందా లేని డిష్ సేవ మొదలుపెట్టింది. ఇప్పటి డీడీ ఫ్రీ డిష్ అదే. ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికి. మధ్యలో టవరు ఎందుకు? ఒక రకంగా 1975 నాటి 'సైట్' ఇంటింటికీ వచ్చేసింది.

చుక్కల నుంచి గళ్లకి

ఈలోగా ప్రపంచమంతా టీవీ ప్రసారాలు డిజిటల్‌కి మారసాగాయి. తేడా మనందరికీ అనుభవమే. పాత అనలాగ్ పద్ధతిలో సిగ్నల్ తగ్గితే తెర మీద చుక్కలు పడేవి. కపిల్‌దేవ్ విసిరింది బంతో, తెర మీది చుక్కో తెలిసేది కాదు. అయినా ఆట మాత్రం ఆగేది కాదు. డిజిటల్‌కి ఆ మొహమాటం లేదు. వస్తే అద్దంలా వస్తుంది. లేదంటే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, బిగుసుకుపోయి, చివరికి నల్లతెర.

మరెందుకు మారడం? జాగా కోసం. అనలాగ్‌లో మనదేశంలో ఒక్క చానల్‌కు 7 మెగాహెర్ట్జ్ తరంగాలు కావాలి. డిజిటల్ అయితే అంతే జాగాలో ఐదారు చానళ్లు సులువుగా సర్దుకుంటాయి. మిగిలిన తరంగాలను సెల్‌ఫోన్ కంపెనీలకు ఇవ్వొచ్చు. ఏ దేశానికైనా ఇది బంగారం లాంటి బేరం.

అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12న అనలాగ్ ఆపేశాయి. పాత టీవీల మీదే ఆధారపడ్డ ఇళ్ల కోసం ప్రభుత్వం పెట్టె కొనుక్కోమని ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లిచ్చింది. డబ్బుల్లేని చిన్న స్టేషన్లకు మాత్రం అప్పటికి మినహాయింపు దొరికింది. వినడానికి దయలాగే ఉంది కదూ! తీరా చూస్తే ఆ పెట్టెల్లో చాలావాటికి డిజిటల్ తప్ప పాత సిగ్నల్‌ను టీవీకి దాటించే దారే లేదు. పెట్టె బిగించిన ఇంట్లో చిన్న స్టేషన్ మాయం. చిన్న స్టేషన్ల సంఘం 2008లోనే కోర్టుకెక్కినా ఫలితం దక్కలేదు. మరుసటి ఏడాది ఆ సంఘమే మూతపడింది. తట్టుకుని నిలబడ్డ చిన్న స్టేషన్లకు గడువు పొడిగిస్తూ పోయి, చివరికి 2021 జులై 13 నాటికి డిజిటల్‌కి మారాలన్నారు. అలాస్కాకు మాత్రం ఇంకొన్ని నెలలిచ్చారు. తప్పో ఒప్పో... తేదీ ఉంది, కూపన్ ఉంది, కొట్లాట ఉంది.

మన దగ్గర?

2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ 16 నగరాల్లో టవర్ల ద్వారా డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ జాబితాలో చెన్నై ఉంది, బెంగళూరు ఉంది. హైదరాబాద్ లేదు, విజయవాడ లేదు, విశాఖ లేదు. ఉన్నచోటైనా, ఆ ప్రసారాలు అందుకోవడానికి వేరే ట్యూనర్ ఉన్న టీవీయో, పరికరమో కావాలి. అలాంటిదొకటి ఉందని జనానికి చెప్పినవాళ్లు తక్కువ, కొన్నవాళ్లు మరీ తక్కువ. 2017 జనవరిలో ట్రాయ్ విడతలవారీగా 2023 చివరికల్లా దేశమంతా టవర్లను డిజిటల్ చేయాలనీ, ప్రైవేటు సంస్థలనూ అనుమతించాలనీ సిఫార్సు చేసింది. జరిగింది మాత్రం వేరు. చిన్న టవర్లు డిజిటల్‌కి మారలేదు, ఆగిపోయాయి. ఒక దశలో దేశమంతటా 1,400కు పైగా ఉన్న అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దఫదఫాలుగా మూసేస్తూ వచ్చారు. మిగిలినవాటిని 2021 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా మూడు విడతల్లో ఆపేస్తామని ప్రసార భారతి ప్రకటించింది. భద్రతరీత్యా కీలకమైన చోట్ల సుమారు 50 మాత్రం ఉంచుతామంది.

చూసేవాళ్లు లేని ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు, మూడు షిఫ్టుల సిబ్బంది... మూసేయడం తప్పనలేం. విడిభాగాలు దొరకడమే కష్టమైన యంత్రాలవి. చిక్కల్లా మూసిన తీరుతోనే. టవరు వచ్చిన రోజు కొబ్బరికాయలు, రిబ్బన్లు, మంత్రులు. ఆగిన రోజు, చాలా ఊళ్లలో, ఒక స్విచ్చు. ఇంకా యాంటెనాతోనే చూస్తున్న ఇళ్లు ఎన్ని కొద్దివైనా, అవి బాగా పేద ఇళ్లే అయి ఉంటాయి కదా! వాళ్లకు కూపన్ మాట దేవుడెరుగు, కబురైనా సరిగ్గా అందలేదు.

ఫ్రీ డిష్ ఉందిగా అంటారా? ఉంది. దేశంలో నాలుగు కోట్లకు పైగా ఇళ్లలో అదే ఉందని అంచనా. కాకపోతే తెలుగువాళ్లు ఎగబడి చూసే ప్రైవేటు చానళ్లు చాలావరకు చందా కట్టాల్సినవే. యాదగిరి, సప్తగిరి దూరదర్శన్ చానళ్లు మాత్రం ఉచితంగా దొరుకుతాయి. పైగా డిష్‌కి జోరువాన గిట్టదు. సరిగ్గా తుపాను కబురు కావాల్సిన వేళకే 'నో సిగ్నల్' అంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కుదిపేసినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. కరెంటే లేనప్పుడు టీవీ టవరుండి మాత్రం ఏం లాభమని అడగొచ్చు. నిజమే. ఆ రోజు అక్కరకొచ్చేది బ్యాటరీతో నడిచే రేడియోనే.

ఆ బ్యాటరీ ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉంది. ఇంటర్నెట్ లేకుండా టవరు నుంచి నేరుగా ఫోనుకే టీవీ అందించే 'డైరెక్ట్ టు మొబైల్' పద్ధతిని ఐఐటీ కాన్పూర్‌తో కలిసి ప్రసార భారతి పరీక్షించింది. ఢిల్లీ, బెంగళూరుల్లో ప్రయోగాలూ జరిగాయి. దీనికి ఫోన్లలో ప్రత్యేకమైన చిప్ కావాలి. వస్తే మళ్లీ టవర్లతో పని పడుతుంది. ఈసారైనా వాటికి మన ఊరి మాట చెప్పే గొంతు పెడతారా అన్నది ఇంకా ఎవరూ అడగని ప్రశ్న.

పాత టవర్లన్నీ తుప్పు పట్టి ఊరుకోలేదు లెండి. చాలాచోట్ల ఎల్‌పీటీ ఆవరణలోనే ఆకాశవాణి 100 వాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు బిగించింది. కాబట్టి మీ ఊళ్లో ఆ ఎరుపూ తెలుపూ టవరు ఇంకా నిలబడి ఉంటే, ఒకసారి ఎఫ్‌ఎం పెట్టి చూడండి, పాట వినిపించొచ్చు. టీవీ ఉచితంగా కావాలంటే మాత్రం అటు తిరిగితే లాభం లేదు. ఫ్రీ డిష్ ప్రసారాలొచ్చే జీశాట్-15 మనకు ఆగ్నేయంగా, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంది. డిష్ అటువైపు బిగించమనాలి. తిప్పడానికి మేడ మీద ఇద్దరు, కేకేయడానికి కింద ఒకరు... అది మాత్రం ఇప్పటికీ తప్పదు!