కౌలాలంపూర్‌లో ఇల్లు వెతుకుతున్నారా? ముందు ఇంట్లో కారు నడపని వాళ్ళను అడగండి

కౌలాలంపూర్‌కు ఉద్యోగం మీద వస్తున్న తెలుగు కుటుంబాలు మాలాంటి స్థానికులను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్లలతో ఉండడానికి మంచి ఏరియా ఏదండీ?" అడిగేలోపే వాళ్ళ మనసులో రెండు పేర్లు ఉంటాయి. ఒకటి మోంట్ కియారా, రెండోది బంగ్సార్. రెండూ ఖరీదైన పేటలే, రెండూ మంచివే. అయితే అవి రెండు వేర్వేరు రకాల కుటుంబాలకు మంచివి.

నేను పుట్టి పెరిగింది బంటింగ్‌లో. సెలంగోర్ రాష్ట్రంలో, కువాలా లంగట్ జిల్లాలో పామాయిల్ తోటల నడుమ ఉన్న చిన్న పట్టణం ఇది. మా తాతల తరానికి ఇల్లు ఎంచుకునే బాధే లేదు. తోట దొర ఏ లైను ఇల్లు చూపిస్తే అందులోనే కాపురం. బంగ్సార్ కూడా ఒకప్పుడు రబ్బరు తోటే. బుంగె, గ్రిసార్ అనే ఇద్దరు యూరోపియన్ వ్యాపారుల పేర్లు కలిసి బంగ్సార్ అయిందని చెబుతారు. అలాంటి తోటల్లో పని చేసినవారి మనవలు, మునిమనవలు ఇవాళ అక్కడే అద్దె ఇల్లు వెతుక్కోవడం కాలం తెచ్చిన మార్పు.

ముందు మోంట్ కియారా సంగతి. ఇక్కడ దాదాపు అన్నీ ఎత్తైన కాండోలే. గేటు దగ్గర గార్డులు, లోపల ఈతకొలను, పిల్లలు ఆడుకునే స్థలం ఉంటాయి. గార్డెన్ ఇంటర్నేషనల్ స్కూల్, మోంట్ కియారా ఇంటర్నేషనల్ స్కూల్ ఈ పేటలోనే ఉన్నాయి. సాయంత్రం కిందికి దిగితే పిల్లలకు నాలుగు దేశాల స్నేహితులు దొరుకుతారు. లోటల్లా రైలుదే. ఎక్కువ కాండోల నుంచి నడిచి వెళ్ళేంత దగ్గరలో స్టేషన్ లేదు. ఏ పనికైనా కారో, గ్రాబ్ టాక్సీయో కావాలి.

బంగ్సార్ తీరు వేరు. వరుస ఇళ్ళు, పాత వీధులు, మధ్యలో కొత్త కాండోలు. లక్కీ గార్డెన్‌లో కూరగాయల మార్కెట్టు ఉంది, ఆదివారం సాయంత్రం తెలావి వీధుల దగ్గర సంత పెడతారు. ఎల్‌ఆర్‌టీలో బంగ్సార్ తరువాతి స్టేషనే కేఎల్ సెంట్రల్. అక్కడ దిగితే బ్రిక్‌ఫీల్డ్స్ మన పేటే అనుకోవచ్చు. కరివేపాకు నుంచి పట్టుచీర దాకా అన్నీ దొరుకుతాయి, కందస్వామి కోవిల్ కూడా ఉంది. ఇబ్బందులూ లేకపోలేదు. దారులు ఎత్తుపల్లాలు, ఇళ్ళు పాతవి. పేట లోపలి వీధుల నుంచి స్టేషన్‌కు నడక దూరమే. బంగ్సార్ అనే పేరు చూసి స్టేషన్ పక్కనే అనుకోకండి.

మా అమ్మాయి కుటుంబం ఇల్లు వెతికినప్పుడు ఈ తేడా మాకు బాగా తెలిసింది. అల్లుడి ఆఫీసు కేఎల్ సెంట్రల్ దగ్గర. ఇద్దరు మనవళ్ళు. విజయనగరం నుంచి వియ్యపురాలు కూడా వచ్చి వాళ్ళతోనే ఉంటున్నారు. పిల్లలకు ఈతకొలను నచ్చింది, అమ్మాయికి భద్రత నచ్చింది. మోంట్ కియారాలో ఇరవయ్యో అంతస్తు బాల్కనీలో నిలబడి వియ్యపురాలు ఒకే మాట అన్నారు. "వదినగారూ, ఇక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తోంది గానీ పలకరించడానికి మనిషే కనిపించడం లేదు." పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఆవిడ ఒక్కరే. అద్దె కట్టేది వేరొకరైనా ఆ ఇంట్లో ఎక్కువ గంటలు గడిపేది ఆవిడే. చివరికి బంగ్సార్‌లో, మార్కెట్టుకు నడిచి వెళ్ళగలిగే చోట, కాస్త పాత ఇల్లే తీసుకున్నారు. ఈతకొలను లేదని పిల్లలు కొన్నాళ్ళు అలిగారు. ఇప్పుడు నాయనమ్మ చెయ్యి పట్టుకుని కూరలకు వెళుతున్నారు.

అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. మీ ఇంట్లో కారు నడపలేని వాళ్ళు ఎవరో లెక్కపెట్టండి. పిల్లలు, పెద్దవాళ్ళు, కొత్తగా వచ్చిన భార్యో భర్తో. వాళ్ళు ఎవరి సాయం లేకుండా రోజుకు ఎన్ని పనులు చేసుకోగలరో చూడండి. అందరూ స్కూలు, ఆఫీసులతో బిజీగా ఉండే కుటుంబమైతే మోంట్ కియారా సుఖం. పగలు ఇంట్లో మనిషి ఉంటే బంగ్సార్ లాంటి నడిచే పేట మేలు.

ఇల్లు చూడడానికి ఆదివారం వెళ్ళకండి. పనిరోజు పొద్దున ఏడింటికి, మళ్ళీ స్కూలు వదిలే వేళకు వెళ్ళండి. అసలు ట్రాఫిక్ అప్పుడే తెలుస్తుంది. పెద్ద వాన పడిన సాయంత్రం ఒకసారి వీధి చూడండి. 2021 డిసెంబరు వరదల్లో షా ఆలమ్‌లోని తామన్ శ్రీ ముడాలో జనం ఇళ్ళ పైకప్పులెక్కాల్సి వచ్చింది. నీళ్ళు వచ్చే చోటా కాదా అన్నది ఏజెంటును కాదు, పక్కింటివాళ్ళను అడగండి.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకోండి. ఇక్కడి వాడుక ప్రకారం రెండు నెలల అద్దె డిపాజిట్, కరెంటు నీళ్ళ కోసం అర నెల, మొదటి నెల అద్దె ముందుగా ఇవ్వాలి. అంటే తాళాలు చేతికి వచ్చేసరికి మూడున్నర నెలల అద్దె ఖర్చవుతుంది. కాండో నిర్వహణ రుసుము సాధారణంగా యజమానే కడతారు, అయినా ఒప్పందంలో రాయించుకోండి. గోడల మరకలు, పాడైన ఏసీ లాంటివన్నీ మొదటి రోజే ఫోటోలు తీసి యజమానికి పంపండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ తిరిగి రావడానికి అవే సాక్ష్యం.

ఇంకొక్క మాట. ఉద్యోగం విమానాశ్రయం వైపో, సైబర్‌జయలోనో అయితే రాజధాని నడిబొడ్డున ఉండాల్సిన పనే లేదు. మా బంటింగ్ నుంచి విమానాశ్రయం సుమారు ముప్పై కిలోమీటర్లు. రైలు లేదు, ఇంటర్నేషనల్ స్కూళ్ళ కోసం దూరం వెళ్ళాలి. కానీ అద్దె తక్కువ, మోరిబ్ సముద్రతీరం దగ్గర, ఎదురింటివాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు. పేట పేరు విని బంధువులు మెచ్చుకునేది ఒక్కరోజే. ఆ ఇంట్లో బతకాల్సింది మీరు.