తుప్పు పట్టే పెట్టె – తుప్పు పట్టని పళ్లెం

హాస్టల్‌లో ఉన్నవారికీ, ఉండి వెళ్లినవారికీ బాగా తెలిసిన వస్తువులు రెండు: ఇనుప ట్రంకు పెట్టె, స్టీలు పళ్లెం. రెండింటిలోనూ ఎక్కువ భాగం ఇనుమే. పళ్లెం రోజూ నీళ్లలో తడిసినా మెరుస్తూనే ఉంటుంది. పెట్టె అడుగు మాత్రం ఎర్రబడి పొట్టు రాలుతుంది. ఎందుకిలా? దీనికి జవాబు ‘ఆక్సీకరణం’ అనే రసాయన చర్యలో ఉంది.

ఒక పదార్థం ఆక్సిజన్‌తో కలవడాన్నే మొదట్లో ఆక్సీకరణం అన్నారు. మండటమంటే ఆక్సిజన్‌తో కలవడమేనని 18వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ నిరూపించాడు. 1897లో జె.జె.థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాక ఈ మాటకు అర్థం విస్తరించింది. ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం, గ్రహించడం క్షయకరణం. ఒకటి ఇస్తేనే మరొకటి పుచ్చుకుంటుంది కాబట్టి ఈ రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి.

పెట్టెలో జరిగేదీ ఇదే. ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదులుతాయి. గాలిలోని ఆక్సిజన్ నీటి సమక్షంలో వాటిని తీసుకుంటుంది. చివరకు నీటితో కూడిన ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు, ఏర్పడుతుంది. గాలి, నీరు రెండూ ఉంటేనే తుప్పు. ఉప్పు తోడైతే మరింత వేగం. తుప్పు గుల్లగా ఉంటుంది. పొట్టులా రాలిపోయి, లోపలి ఇనుమును మళ్లీ గాలికీ తడికీ అప్పగిస్తుంది.

మరి పళ్లెం ఆక్సీకరణం చెందదా? చెందుతుంది! స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పలుచని పొర కడుతుంది. ఆ పొర గట్టిగా అంటుకొని ఉండి, గాలిని, నీటిని లోపలికి పోనివ్వదు. గీత పడినా మళ్లీ కట్టుకుంటుంది. అంటే ఒకే రకం చర్య పెట్టెను తినేస్తోంది, పళ్లాన్ని కాపాడుతోంది.

జింకు పూత ఉన్న రేకు పెట్టె అయితే కొంత నయం. ఇనుము కంటే ముందు జింకే ఎలక్ట్రాన్లను వదిలి ఇనుమును కాస్తుంది. మామూలు పెట్టెకు మాత్రం రక్షణ పొరను మనమే కల్పించాలి. గది తుడిచినప్పుడల్లా తడిసేది అడుగు భాగమే కనుక పెట్టెను ఇటుకలపై ఉంచండి. తడి బట్టలు లోపల పెట్టకండి. ఎర్రమచ్చ కనిపించగానే గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ పూసి, దానిపై రంగు వేయండి. చిల్లు పడ్డాక ఏ రంగూ పనికిరాదు. మన పుస్తకాలు, సర్టిఫికెట్లు ఉండేది ఆ పెట్టెలోనే కదా!