వేడికి లెక్క అడిగే కంప్యూటరు

పెట్రోలు కారులో విషవాయువుల హానిని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలు ఉత్ప్రేరకాలుగా, అంటే తాము ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థాలుగా ఉంటాయి. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి అందేదాకా అవి సరిగా పనిచేయవు కనుక, చల్లారిన ఇంజను మళ్లీ మొదలైన తొలి నిమిషంలోనే కాలుష్యంలో పెద్ద వాటా వెలువడుతుంది. ఈ లోటు తీర్చడానికే కొన్ని వాహనాలలో కన్వర్టర్ ముందుభాగాన సన్నని లోహపు రేకుల బిళ్లను అమర్చి, దానిని విద్యుత్తుతో వేడి చేస్తారు.

ఈ హీటరు చెడినా కారు మునుపటిలాగే నడుస్తుంది కాబట్టి, లోపాన్ని కనిపెట్టే భారం వాహనంలోని కంప్యూటరుదే అవుతుంది. 1994 మోడళ్లతో మొదలైన కాలిఫోర్నియా ఓబీడీ-2 (వాహనం తన లోపాలను తానే కనిపెట్టే ఏర్పాటు) నిబంధనల ప్రకారం, ఉత్ప్రేరకం నిర్ణీత వ్యవధిలో నిర్దేశిత ఉష్ణోగ్రతకు చేరకపోతే దానిని లోపంగా గుర్తించాలి. ఉద్గారాలు ప్రమాణానికి 1.75 రెట్లు మించేంత లోపమేదీ ఈ పరీక్షను తప్పించుకోకూడదని ఆ తొలి నిబంధనలు చెప్పాయి.

కంప్యూటరు మొదట చూసేది కరెంటు లెక్క. 12 వోల్టులతో 1,200 వాట్ల వేడినిచ్చే హీటరు 100 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక, దాని నిరోధం 0.12 ఓమ్ మాత్రమే. తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది, బిళ్ల బయటి తొడుగుకు తగిలితే అమాంతం పెరుగుతుంది. ఈ రెండూ తేలికగా దొరికిపోతాయి. తుప్పు పట్టిన కనెక్షన్ వద్ద 0.03 ఓమ్ అదనంగా చేరితే మాత్రం కరెంటు 80 ఆంపియర్లకు తగ్గి, మొత్తం ఖర్చు 960 వాట్లుగా కనిపించినా, అందులో 192 వాట్లు ఆ కనెక్షన్ దగ్గరే వృథా అయి, బిళ్లకు 768 వాట్లే అందుతాయి.

విద్యుత్తు ఎంత ఖర్చయిందో తెలిసినంత మాత్రాన వేడి ఎక్కడ పుట్టిందో తెలియదు గనుక, ఉష్ణోగ్రత సెన్సరు సాక్ష్యం కూడా అవసరమవుతుంది. ఇంజను పొగ సైతం బిళ్లను వేడెక్కిస్తుంది కాబట్టి, పొగ వల్ల రాదగిన వేడిని విడిగా అంచనా వేసి, చల్లని ఇంజను మొదలైనప్పుడే సెన్సరు చూపిన వేడితో దానిని పోలుస్తారు. సెన్సరే తప్పు చెప్పే అవకాశమూ ఉంది. రాత్రంతా నిలిపిన కారులో ఉష్ణోగ్రత సెన్సర్లన్నీ దాదాపు ఒకే అంకె చూపాలి కనుక, వేరుగా చూపినదానిని అనుమానిస్తారు.

సాధారణంగా లోపం వరుసగా రెండు ప్రయాణాలలో కనిపిస్తేనే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడు నమోదయ్యే పి0424 కోడు ఉత్ప్రేరకానికి చాలినంత వేడి రాలేదని మాత్రమే చెబుతుంది. అందువల్ల ఖరీదైన కన్వర్టర్‌ను మార్చే ముందు మెకానిక్కు చూడవలసినవి తీగ, కనెక్షన్, సెన్సరు.