ఎవరు వెతికినా దొరకాలి

“ఇక్కడే ఎక్కడో ఉండాలి.”

పుస్తకాలున్న ప్రతి ఇంట్లోనూ వినపడే మాట ఇది. కొన్న మనిషికి చోటు గుర్తుంటుంది. బుచ్చిబాబు హాల్లో పై అరలో, రావిశాస్త్రి పడగ్గదిలో, పాత ‘భారతి’ సంచికలు అటక మీది రేకు పెట్టెలో. ఆ మనిషి ఊళ్లో లేనప్పుడు ఇంకెవరికైనా ఒక పుస్తకం కావాలంటే ఫోను చేసి అడగాలి. ఫోను ఎత్తడానికి ఆ మనిషే లేకుండా పోయాక అరల నిండా ఉన్నవేమిటో ఎవరికీ తెలియదు. ఇల్లు మారేటప్పుడో, గోడలకు రంగులు వేయించేటప్పుడో పాత పేపర్ల బండి వస్తుంది. కిలోల లెక్కన తూకం వేసుకుని వెళ్లిపోతుంది.

అవి మళ్లీ ఎక్కడ తేలతాయో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు తెలుసు. ఆదివారం పూట హైదరాబాద్ ఆబిడ్స్, కోఠి ఫుట్‌పాత్‌ల మీద ఏదో ఒక పుస్తకం అట్ట తిప్పితే లోపల సిరాతో రాసిన పేరు, కొన్న ఊరు, తేదీ కనిపిస్తాయి. కొన్నిటి మీద ‘అభిమానంతో’ అంటూ రచయిత సంతకం కూడా ఉంటుంది. కొనుక్కునేవాళ్లకు అది పండగే. కానీ ఒక మనిషి కథల మీదో, కళింగాంధ్ర చరిత్ర మీదో మనసు పెట్టి ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు తలో చేతికీ చెదిరిపోతే, వాటిని మళ్లీ ఒకచోట చేర్చడం ఎవరి తరమూ కాదు.

అందుకే ఇంట్లో పుస్తకాలు సర్దడానికి కూర్చున్నప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: నేను పక్కన లేకపోయినా ఇంకొకరు వచ్చి తమకు కావలసింది తీసుకోగలరా? అరల కొలతలు, వరసలు, పట్టికలు అన్నీ దాని తరవాతే.

శ్రీకాకుళం పాఠం

ఈ ప్రశ్నను కథారచయిత కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నవాళ్లు అరుదు. తెలుగు కథ ఎక్కువగా పుట్టేది వారపత్రికల్లో, మాసపత్రికల్లో. కొత్త సంచిక రాగానే పాతది పొట్లాలకు వెళ్లిపోతుంది. సంపుటిలోకి ఎక్కని కథ ఆ సంచికతో పాటే పోతుంది. కారా మాస్టారు తన దగ్గరున్న పత్రికలు, పుస్తకాలతో మొదలుపెట్టి, పురస్కారాల ద్వారా వచ్చిన సొమ్ము అందులోనే పెట్టి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే గ్రంథాలయం తెరిచారు. 2021లో ఆయన వెళ్లిపోయారు. కథానిలయం ఉంది. దాని వెబ్‌సైటులో రచయిత పేరుతోనో, కథ పేరుతోనో వెతికితే అది ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. ఎన్నో కథలకు స్కాన్ చేసిన ప్రతులూ దొరుకుతాయి.

ఆ పని నుంచి ఇంటి పుస్తకాలకు తీసుకోవలసిన పాఠం ఒకటుంది. అక్కడ లెక్కకు వచ్చేది పుస్తకం కాదు, కథ. మన ఇళ్లలో ఈ మెలకువ ఉండదు. కథాసాహితి 1990 నుంచి ఏటేటా వేస్తున్న ‘కథ’ సంకలనాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఫలానా రచయిత కథ ఏ ఏటి సంకలనంలో ఉందో చెప్పమంటే ఒక్కొక్కటీ దించి విషయసూచిక చూడాల్సిందే. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ ఎన్నో సంకలనాల్లో ఉంది కాబట్టి ఏదో ఒకదాంట్లో తగులుతుంది. ఒకే ఒక్కచోట అచ్చయిన కథ సంగతి అలా కాదు. సంకలనాలు ఎక్కువగా ఉన్నవాళ్లు ఒక్కో విషయసూచిక పేజీని ఫోనులో ఫొటో తీసి, అన్నిటినీ ఒకే ఫోల్డరులో పెట్టుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు జాగ్రత్తగా విడదీసి కాలికో బైండు చేయించుకున్న తరం ఒకటుండేది. ఆ బైండు పుస్తకాలు ఇంట్లో ఉంటే ఎవరికీ ఇవ్వకండి, ముందు వాటికి పేరు రాయండి. చాలావాటికి వెన్ను మీద ఏమీ ఉండదు. లోపల ఏ పత్రిక, ఏ సంవత్సరం అన్నదీ ఉండదు. కాగితం వెనకవైపు ఉన్న ప్రకటనల్ని బట్టి, బొమ్మ కింద సంతకాన్ని బట్టి కాలం ఊహించే పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని జరగాలి. పుస్తకంగా వచ్చినప్పుడు రచయితలు నవలను దిద్దుతారు, తగ్గిస్తారు. మొదటి రూపం ఆ బైండులోనే మిగిలి ఉండొచ్చు.

పేర్లతో పేచీ

రచయితల పేర్ల వరసలో సర్దుదామని మొదలుపెట్టినవాళ్లకు తొలి అరలోనే చిక్కు ఎదురవుతుంది. చలాన్ని ‘చ’లో పెట్టాలా, గుడిపాటి కాబట్టి ‘గ’లో పెట్టాలా? బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు, ఆరుద్ర భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. విశ్వనాథ, శ్రీపాద, కొడవటిగంటి ఇంటిపేర్లతోనే మనకు దగ్గరయ్యారు. జాషువాను గుర్రం అనీ, తిలక్‌ను దేవరకొండ అనీ ఎవరూ వెతకరు. దాశరథి అంటే అన్న కృష్ణమాచార్యా, తమ్ముడు రంగాచార్యా? బీనాదేవి పేరు వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరు. రంగనాయకమ్మ తొలి పుస్తకాల మీద ముప్పాళ రంగనాయకమ్మ అని ఉంటుంది, తరవాతివాటి మీద ఇంటిపేరు లేదు. ఇంటిపేరును పట్టుకుంటే ఒకే రచయిత్రి రెండు అరల్లోకి విడిపోతుంది. కె.ఎన్.వై. పతంజలి దగ్గరకు వస్తే పొడి అక్షరాల బెడద.

ఇంటిపేరును చివర రాసుకునే దేశాల కోసం ఏర్పడ్డ పద్ధతి మనకు అక్కరకు రాదు. నా మాటగా చెబుతున్నాను, పాఠకులు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరు కిందే పెట్టండి. చలం ‘చ’లో, విశ్వనాథ ‘వ’లో, పతంజలి ‘ప’లో. పుస్తకం అడిగే మనిషి నోట వచ్చేది ఆ పేరే. పూర్తి పేర్లు పట్టికలో ఉంటే చాలు.

అనువాదాల దగ్గర ఇంకాస్త ఆలోచించాలి. ‘ఏడు తరాలు’ అలెక్స్ హేలీ రాసినదే అయినా తెలుగులో దాన్ని సహవాసి పేరుతో తలుచుకునేవాళ్లు తక్కువ లేరు. మూల రచయిత కింద పెట్టి, అనువాదకుడి పేరు పట్టికలో రాసుకోవడం మేలు. సోవియట్ పుస్తకాలకు మాత్రం నేను మినహాయింపు ఇస్తాను. ప్రగతి, రాదుగ సంస్థలు మాస్కోలో అచ్చువేసి పంపగా విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికిన ఆ పుస్తకాలు ఒకచోట ఉంటేనే ఒక కాలం మొత్తం కనిపిస్తుంది. టాల్‌స్టాయ్, గోర్కీ, పిల్లల బొమ్మల కథలు, ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు అక్కడే కూర్చుని చేసిన అనువాదాలు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో ఆ ధార ఆగిపోయింది. వాటిని అక్షరక్రమం కోసం విడదీయకండి.

అంకెలు ఎంతవరకు?

గ్రంథాలయాల్లో పుస్తకం వెన్ను మీద కనిపించే అంకెలు చాలాచోట్ల 1876లో మెల్విల్ డ్యూయీ వేసిన దశాంశ పద్ధతివి. అందులో ఇంగ్లీషు సాహిత్యానికి 820 నుంచి 829 దాకా పది గదులు. మన సాహిత్యమంతా 894.827 అనే ఒక్క సంఖ్య కింద సర్దుకోవాలి. నన్నయ నుంచి నిన్నటి కవి దాకా అందరూ అక్కడే. కవిత్వం, నవల అంటూ విడదీయాలంటే ఆ పొడుగాటి సంఖ్యకు మరో అంకె తగిలించుకుంటూ పోవాలి. ముప్పాతిక వంతు తెలుగే ఉన్న ఇంటికి అది పనికిరాదు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో 1924లో గ్రంథపాలకుడైన లెక్కల మాస్టారు ఎస్.ఆర్. రంగనాథన్‌కు కూడా డ్యూయీ పద్ధతి ఇరుకుగా తోచింది. చదువు కోసం లండన్ వెళ్లినప్పుడు అక్కడి దుకాణంలో మెకానో బొమ్మను చూశారు. కాసిని ముక్కలతోనే రకరకాల ఆకారాలు కట్టడం ఆయన్ను ఆలోచనలో పడేసింది. అలా పుట్టిన కోలన్ వర్గీకరణ 1933లో అచ్చయింది. ఇంటికి ఆ పద్ధతి కూడా పెద్దదే. కానీ 1931లో ఆయన చెప్పిన అయిదు సూత్రాల్లో చివరిది, గ్రంథాలయం పెరిగే జీవి అన్నది, ఇంటి అరకు అక్షరాలా వర్తిస్తుంది. ప్రతి అరలో నాలుగో వంతు ఖాళీ వదలాలి. నిండుగా బిగించిన అరలో కొత్త పుస్తకానికి చోటుండదు. దాన్ని అడ్డంగా పైన పెడతాం, దాని మీద ఇంకొకటి. ఏడాది తిరిగేసరికి సర్దిన వరస ఆ గుట్టల వెనక పడి కనిపించదు.

చరిత్ర, ఆత్మకథలు, కవిత్వం, కథ, నవల, విమర్శ, నిఘంటువులు, పిల్లల పుస్తకాలు. ఇన్ని పెద్ద విభాగాలు చాలు. పిల్లలవి కింది అరలో, వాళ్ల చేతికి అందేలా. ఊరి స్థలపురాణాలు, సన్మాన సంచికలు, రచయితలే అచ్చువేసుకున్న పల్చని కవితా సంపుటాలు ఏ విభాగంలో పెట్టినా లావు పుస్తకాల మధ్య నలిగి మాయమైపోతాయి. వాటికి వెన్నే ఉండదు, రెండు పిన్నులుంటాయి. తుప్పుపట్టిన పిన్నులు తీసేసి దారంతో కుట్టించి, అట్టపెట్టెల్లో నిలబెట్టి, పెట్టె మీద పేర్లు రాయాలి. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వీటి మీదే. పేరున్న నవల పునర్ముద్రణ వస్తుంది. అయిదు వందల ప్రతులు వేసి పంచుకున్న పుస్తకానికి మీ ఇంటిదే ఆఖరి ప్రతి కావచ్చు.

బరువు, తేమ, పురుగు

మూడడుగుల అర నిండా పుస్తకాలు పెడితే పాతిక, ముప్ఫై కిలోల బరువు పడుతుంది. పల్చటి పార్టికిల్ బోర్డు కొన్నాళ్లకు నడుం వంచేస్తుంది, తేమ తగిలితే ఉబ్బుతుంది. వడ్రంగితో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడమని, రెండున్నర, మూడు అడుగులకొక నిలువు ఆధారం ఇవ్వమని చెప్పండి. మన పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమీ సైజువి, ఎత్తు దాదాపు ఎనిమిదిన్నర అంగుళాలు. అర ఎత్తు పది అంగుళాలుంటే చెయ్యి పెట్టి తీయడానికి వీలుంటుంది. నిఘంటువులకూ బొమ్మల పుస్తకాలకూ ఒక పెద్ద అర విడిగా ఉండాలి.

చెదలు గోడలోంచి, నేలలోంచి వస్తాయి. బీరువాను గోడకు ఆనించకుండా మూడు, నాలుగు అంగుళాలు జరిపి పెడితే మట్టి దారి కంటపడుతుంది. కింది అర నేలకు కనీసం అడుగు ఎత్తున ఉండాలి. 2000 ఆగస్టు వానలకు హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని విలువైన పుస్తకాలు తడిశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు నీళ్లలో నానాయి. అంత వరదకు అడుగు ఎత్తు ఆగదు గానీ, మామూలు వానాకాలం చెమ్మకు ఆగుతుంది.

బైండింగు చేసేవాళ్లు మైదా జిగురు ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేయడం పాత అలవాటు. పిండి వాసనకు వచ్చే పురుగుకు అది విరుగుడు. కలరా ఉండలు మాత్రం మూసిన గదిలో గుప్పిళ్ల కొద్దీ పోయకండి. జి6పిడి ఎంజైము లోపమున్న పసిపిల్లలకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు దెబ్బతినే ప్రమాదముంది. పురుగు పట్టిన పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో గాలి తీసేసి బిగించి ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే కాగితానికి చెమ్మ పడుతుంది. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించవద్దు. కొన్నేళ్లకు ఆ టేపు ఊడిపోయి, పసుపు మరక అక్షరాల మీద ఉండిపోతుంది.

పట్టిక, ఆ తరవాత

బార్‌కోడు స్కాన్ చేస్తే వివరాలన్నీ వచ్చేసే యాప్‌లు తెలుగు ఇంట్లో సగం పనే చేస్తాయి. పాత పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ లేదు, కొత్తవాటిలోనూ చాలావాటికి ఉండదు. ఫోనులో ఒక షీటు తెరిచి పేరు, రచయిత, అనువాదకుడు, ప్రచురణ, సంవత్సరం, అర సంఖ్య రాసుకోవడమే నమ్మకమైన దారి. అర సంఖ్యను అర అంచున కూడా అంటించాలి. ఎరువు తీసుకున్నవాళ్ల పేరు, తేదీ అదే షీటులో చివరి గడిలో రాయాలి. బంధువులైనా, ప్రాణ స్నేహితులైనా వాళ్ల ఎదుటే రాయండి. అలవాటైతే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఇంటి అరల నుంచి నలుగురికీ చేరిన సంపదకు మన దగ్గర గొప్ప ఉదాహరణలున్నాయి. సి.పి. బ్రౌన్ సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని కావ్యాలకు ప్రతులు రాయించారు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో గ్రంథాలయం లేచింది. అబ్దుస్ సమద్ ఖాన్ హైదరాబాద్‌లో కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు షికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనానికి పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ వెళుతుంటారు.

అలాంటి చోటుకు ఇవ్వాలనుకుంటే మూటలు కట్టి ఆటోలో తీసుకెళ్లకండి. వాళ్ల దగ్గరా చోటు తక్కువే, ఉన్న పుస్తకాలే మళ్లీ వస్తే ఏం చెయ్యాలో తోచదు. ముందు పట్టిక పంపి, తమ దగ్గర లేనివి గుర్తుపెట్టమని అడగండి. వాళ్లకు అక్కర్లేని వాటిని ఊళ్లో బడికో, హాస్టలుకో పిల్లలు చదివేవి ఏరి ఇవ్వొచ్చు. ఏది ఎవరికి చేరాలో బతికుండగానే ఆ షీటులో ఒక గడి పెట్టి రాసి, ఇంట్లో ఇద్దరికైనా ఆ షీటు తెరవడం నేర్పండి.